పడవకు దూప

కోపమొస్తే నాకు ముందు నోరు లేస్తుంది, బుద్ధి తర్వాత ఎప్పుడో తీరిగ్గా వస్తుంది. ఇది మా నాయిన గుణమని మా అవ్వ అనేది. మా నాయిన నోటి ముందు గొర్రెలు తప్ప ఎవరూ నిలిచేవారు కాదు. వాటికి మాత్రం వేరే దిక్కేముంది! నా నోటికి బలైంది గొర్రెలు కాదు, ఒక ముసలాయన. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది నాకు.

మాది తిరుమలగిరి దగ్గర మెట్ట ఊరు. వానాకాలంలో నాలుగు రోజులు వాగు పారితే చూడటానికి పెళ్లికి పోయినట్టు పోయేవాళ్లం. అలాంటి ఊరివాణ్ని తీసుకొచ్చి కృష్ణ ఒడ్డున మోటారు పడవకు డ్రైవరుగా వేశారు. నవ్వకండి, అప్పుడు నేనే నవ్వుకున్నాను. నాకు తెలిసింది ఇంజన్లు. బావుల మీదికి ఆయిలు ఇంజన్లు కొత్తగా వస్తున్న రోజులవి, అరవైల మొదట్లో మాట. సూర్యాపేటలో ఒక మిస్త్రీ దగ్గర నాలుగేళ్లు చేతులు నల్లగా చేసుకుని ఆ పని నేర్చుకున్నాను. వరద రోజుల్లో నది మధ్యకు పోయి నీళ్ల వడి కొలిచే సర్కారు ఆఫీసు ఒకటుందని, వాళ్ల పడవకు ఇంజను తెలిసినవాడు కావాలని వింటే దరఖాస్తు పెట్టాను. ఇంజను తెలుసా అని అడిగారు, తెలుసన్నాను. పడవ తెలుసా అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

కొల్లాపూర్ నుంచి సైకిలు మీద పోతే రెండు గంటల దారి. నది ఒడ్డున రేకుల షెడ్డు, పక్కన నాకొక గది, పిలిస్తే పలికేంత దూరంలో బెస్తవాళ్ల పల్లె. ఓవర్సీరు కొల్లాపూర్‌లో ఉండేవాడు, వారానికొకసారి జీపులో వచ్చి పోయేవాడు. నేను దసరా వెళ్లాక చేరాను. ఏడాది పాటు నా నౌకరి పరీక్ష కిందే లెక్క, ఏ తప్పు చేసినా ఇంటికి పంపేస్తారు.

పడవ మీద నాతో పాటు ఖలాసీగా ఉన్నవాడే ఆ ముసలాయన. పల్లెలో అందరూ తాత అనేవారు, నేనూ అలాగే పిలిచాను. పుట్టిలో మనుషుల్ని, మేకల్ని అవతలి ఒడ్డుకు దాటించి దాటించి ఆయన కుడి భుజం పాడైపోయింది, చెయ్యి తలపైకి లేచేది కాదు. పడవ ఆ ఒడ్డుకు వచ్చిన మొదటి రోజు నుంచి ఆయన దానితోనే ఉన్నాడట. తాడు విసరడం, లోపల చేరిన నీళ్లు తోడడం, నది మధ్యలో ఏ బండ ఎక్కడుందో చెప్పడం ఆయన పని. అన్నేళ్లయినా నౌకరి మాత్రం కచ్చాదే. ఆ ఏడు పాత కచ్చా నౌకర్లను పక్కా చేస్తామని ఆఫీసులో జాబితా రాస్తున్నారు. అందులో తాత పేరుంది. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, ఇక జన్మలో రాదు. రోజుకు ఒక్కసారైనా ఆ మాట ఎత్తేవాడు.

"ఈపారి పక్కా అయితది బిడ్డా. అయినంక మా ముసల్దాన్ని కూలికి పంపుడు బంద్ జేస్త. నడుమొంగినా పల్లిచేన్లకు పోతనే ఉంది. ఇంట్ల కూసుండవెడ్త."

"కూసుంటదా అవ్వ?" అంటే, "కూసోదు. గని కూసోమని జెప్పే మొగోన్ని అయిత గద!" అని నోరంతా తెరిచి నవ్వేవాడు.

శివరాత్రి నాటికి నది సన్నబడిపోయింది. రాళ్లు బయటపడ్డాయి, మధ్యమధ్యన మడుగులు మిగిలాయి. మళ్లీ వరద వచ్చేదాకా పడవకు పని లేదు. ఆ ఖాళీ కాలంలోనే దాన్ని కడిగి, మరమ్మతు చేసి, వానలకు సిద్ధంగా పెట్టాలి. ముందు ఇంజను దింపాం. గొలుసు కప్పీ కట్టి, పల్లె నుంచి నలుగుర్ని పిలిచి పైకి లేపి షెడ్డులోకి చేర్చాం. తర్వాత పడవను ఒడ్డు వారకు పక్కకు ఒరిగించి, పాత కొడవలి ముక్కలతో అడుగున పట్టిన నాచు, నత్తగుల్లలు గీకాం. చెక్కలు కలిసే చోట పాత నార పీకి, కొత్త దూదిని ఆముదంలో కాచిన గుగ్గిలంలో ముంచి కూరాం. ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టమే. తాత ఎడమ చేత్తోనే ఉలి పట్టి, ఒక్కో సందును వేలితో తడుముతూ పోయేవాడు. ఈత విషయంలో నన్ను ఊరికే ఆటపట్టించేవాడు. "నువ్వు బాయిల ఈతగానివి బిడ్డా. సుట్టూ గోడ లేకపోతె ఎటు పోవాల్నో ఎరుక గాదు నీకు" అనేవాడు. నిజమే. నది మధ్యలో నేను కూర్చున్న బల్ల వదిలేవాణ్ని కాదు.

పడవ పని అయిపోయాక నేను పది రోజులు సెలవు పెట్టి ఊరికి పోయాను. పెళ్లయి ఏడాది దాటినా కాపురం పెట్టలేదు, మా ఆవిడను తెచ్చుకోవాలి. దారి పొడుగునా ఆమెకు పడవ గురించే చెప్పాను. ఇంత పొడుగుంటది, టేకు చెక్క, నేను తిప్పితే తిరుగుతది, నేను ఆపితే ఆగుతది అని కోతలు కోసినట్టే చెప్పాను. బస్సు దిగి, బండి కిరాయికి మాట్లాడుకుని ఒడ్డుకు చేరేసరికి పొద్దు ఇంకా బాగానే ఉంది. పెట్టె గదిలో పడేసి, "రా, ముందు పడవ చూద్దువు" అని చెయ్యి పట్టుకుని రేవుకు తీసుకుపోయాను.

రేవులో పడవ లేదు.

అటూ ఇటూ చూశాను. ఇసుక మీద ఈడ్చిన గీతలున్నాయి, పడవ లేదు. ఎవరన్నా ఎత్తుకుపోయారా? పాతిక అడుగుల పడవను ఎత్తుకుపోవడానికి అదేమన్నా చెంబా? తాత బండ మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"తాతా, పడవేది?"

"ఉన్నది బిడ్డా. కోడలు వచ్చిందా? సల్లగుండు తల్లీ."

"ఏడున్నదే?"

చుట్టతోనే చూపించాడు. "గా మడుగుల. పండుకున్నది."

పోయి చూశాను. నీళ్ల కింద, నా నిలువెత్తు లోతులో, పడవ. లోపల నిండా రాతి గుండ్లు. నేను కూర్చునే బల్ల మీదుగా చేపపిల్లలు ఈదుతున్నాయి. నా నోట మాట రాలేదు. నా జన్మలో నా నోట మాట రాని సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో మొదటిది ఇది. పక్కన మా ఆవిడ మెల్లగా, "అయ్యో, మునిగిపోయిందా?" అంది. ఆ 'అయ్యో'తో నాకు నోరు వచ్చేసింది.

"ఎవడు ముంచిండు?"

"నేనే. గుండ్లు మోసి మోసి నడుం వడ్డది."

"తాగినవా ఏంది?"

"నేనెక్కడ తాగిన? గదే తాగుతాంది. ఎండకు పడవకు దూప గాదా బిడ్డా? వానలు పడేదాంక కడుపునిండ తాగి పండుకోవాలె. ఏటేటా గిట్లనే జేస్త."

పళ్లు బయటపెట్టి నవ్వుతున్నాడు. కొత్త పెళ్లాం ముందు నన్ను మెట్ట ఊరి మొద్దు కింద జమకట్టి ఆడుకుంటున్నాడనుకున్నాను. పడవకు దూపేంది? చెక్క నీళ్లలో ఉంటే కుళ్లుతుందని చిన్న పిల్లవాడికి తెలియదా? పదిహేను రోజులు గీకి, కూరి, నూనె పట్టించినదాన్ని తీసుకుపోయి నీళ్లలో పడేస్తాడా? నోటికి వచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆయన ఏదో చెప్పబోయాడు. "బంద్ చెయ్యి ముసలోడా" అన్నాను. తాత అని పిలిచే నోటితోనే అన్నాను.

మర్నాడు పొద్దున్నే సైకిలెక్కి కొల్లాపూర్ పోయాను. పాత ఓవర్సీరు పోయి, కొత్తాయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి అప్పటికి నెల కాలేదు. నేను చెప్పింది విని కుర్చీలోంచి లేచాడు.

"ఏంటయ్యా, సర్కారు పడవని నదిలో ముంచేశాడా? నువ్వు కళ్లతో చూశావా? అయితే రాసివ్వు."

కాగితం తీసుకుని రాశాను. ఏడో తరగతి చదివాను కదా, 'ఖలాసీ బుద్ధిపూర్వకముగా పడవను నదిలో ముంచినాడు' అని రాసి, ఆ 'బుద్ధిపూర్వకముగా' అనే మాట కుదిరినందుకు లోపల మురిసిపోయాను కూడా. ఓవర్సీరు అది చదివి, బల్ల మీది ఫైలు తీసి, అందులో ఒక పేరు మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టాడు. నా కాగితాన్ని దానికే గుచ్చాడు.

"ఇలాంటివాణ్ని పర్మనెంటు చేయబోయామయ్యా, ఖర్మ!" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు అది ఏ ఫైలో. తిడతాడు, మహా అయితే జీతం కోస్తాడు అనుకున్నాను గానీ ఇంత దూరం పోతుందనుకోలేదు. ఒక్క మాట అంటే సరిపోయేది. సార్, ఆగండి, ఒకసారి ఆయన్ని కూడా అడుగుదాం అంటే చాలు. అనలేదు. నిన్నటి కోపం ఇంకా నాలుక మీదే ఉంది.

ఆ వారం ఓవర్సీరే వచ్చి తాతకు చెప్పాడు, నీ పేరు కొట్టేశాం, ఇక రావొద్దని. నేను షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. తిడతాడు, ఏడుస్తాడు, కాళ్ల మీద పడతాడు అనుకుంటూ గుండె దిటవు చేసుకుని ఉన్నాను. తాత ఒక్కటే అడిగాడు.

"పడవను బయటికి దీస్తరా సారూ?"

"తీయకుండా నీళ్లలో వదిలేస్తామా?"

"తీయకుండ్రి సారూ" అన్నాడు. అంతే. ఓవర్సీరు వినకుండానే జీపెక్కాడు. నేను విన్నాను, విని కూడా నవ్వాను.

ఇరవై మంది మనుషులు, రెండు జతల ఎడ్లు, కింద తాటి మొద్దులు. గుండ్లన్నీ తీయించి పడవను ఒడ్డుకు లాగించి, షెడ్డు ముందు మొద్దుల మీద నిలబెట్టాను. కడిగాను, తుడిచాను, ఎండలో పెట్టాను. అడుగుకు నల్ల తారు, పైన తెల్లరంగు, రెంటికీ నడుమ నా సొంత తెలివితో ఒక నీలం గీత. ఇంజను కూడా విప్పి ముక్కముక్క కిరసనాయిలుతో కడిగాను. మళ్లీ బిగించి, సిలిండరులో గరిటెడు నూనె పోసి, చక్రం నాలుగు చుట్లు తిప్పి, గోనెసంచి చుట్టి పెట్టాను. పాలమూరు ఎండ సంగతి తెలుసు కదా, రాళ్లు పగులుతాయి. ఆ ఎండలో రెండు నెలలు నా పడవ పెళ్లికూతురిలా మెరుస్తూ నిలబడింది. పొద్దున, సాయంత్రం దాని చుట్టూ తిరిగి చూసుకుని తృప్తిగా అన్నం తినేవాణ్ని.

తాత రోజూ వచ్చేవాడు. దూరంగా బండ మీద కూర్చుని పడవను చూసి పోయేవాడు. ఒకనాడు మధ్యాహ్నం చప్పుడైతే బయటికి వచ్చి చూద్దును కదా, నది నుంచి కుండతో నీళ్లు మోసుకొచ్చి పడవ మీద కుమ్మరిస్తున్నాడు! నా రంగు మీద!

"ఏం జేస్తున్నవ్?"

"జర సైసు బిడ్డా. ముంచకపోతె మానె, గోనెసంచులన్న తడిపి గప్పు. గింత ఎండల కట్టె ఆగది. సందులు ఇడుస్తయి."

"పో నువ్వు. నీకు ఈడ నౌకరి లేదు."

కుండ గుంజుకోబోయాను. ఆయన పాడైన భుజానికి పట్టు తప్పింది, కుండ బండ మీద పడి పగిలింది. నేను బిత్తరపోయాను, కుండ పగలగొట్టాలని నేననుకోలేదు. తాత వంగి పెంకులన్నీ ఒక్కొక్కటి ఏరుకున్నాడు. "ఎవల కాళ్లకన్న గుచ్చుకుంటయి" అని తనలో తను అనుకుంటూ పోయాడు. ఆ తర్వాత ఒడ్డుకు రావడం తగ్గించాడు.

ఆ ఏడు వానలు తొందరగా వచ్చాయి. ఎగువన ఎక్కడో కురిసి, మా దగ్గర చినుకు పడకముందే కృష్ణ ఎర్రగా వచ్చింది. నీళ్లు కొలవాలని ఓవర్సీరు పొద్దున్నే జీపులో దిగాడు. ఇంజను ముందే బిగించి ఉంచాను. మనుషులు పడవను నీళ్లలోకి తోశారు, కొబ్బరికాయ కొట్టాం. ఓవర్సీరు మడత కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. "బాగా పెట్టావయ్యా డ్రైవరూ, కొత్తదానిలా ఉంది" అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది. చక్రం తిప్పాను. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

ఒడ్డు వదిలి రెండు వందల అడుగులు పోయామో లేదో, కాళ్లకు చల్లగా తగిలింది. వంగి చూశాను. పడవ అడుగున ప్రతి సందులోంచీ నీళ్లు ఊరుతున్నాయి. ఒక్క చోటని కాదు, ఈ కొస నుంచి ఆ కొస దాకా. నేను కూరిన దూది పోగులు పోగులుగా తేలుతోంది. వేలు పెట్టి చూస్తే వేలు దూరింది. దేవుడా! కొత్త రంగు, కొత్త తారు, నీలం గీత, వాటి కింద జల్లెడ!

"ఏమయ్యా, ఏంటిది? ఏంటయ్యా ఇది?" ఓవర్సీరు కుర్చీ మీదికెక్కి అరుస్తున్నాడు.

పడవను ఒడ్డు వైపు తిప్పాను. నీళ్లు ఇంజను చక్రానికి తగిలాయి, చక్రం వాటిని మా ముఖాల మీదికి చిమ్మింది, రెండు సార్లు దగ్గి ఇంజను ఆగిపోయింది. వడి మమ్మల్ని కిందికి లాగుతోంది. నాకు బావిలో ఈత తప్ప రాదు. చచ్చాననుకున్నాను. మా ఆవిడ ఒడ్డు మీద నెత్తి కొట్టుకుంటూ ఏడవడం కనిపించింది. అంతలో నా ముఖం మీద తాడు వచ్చి పడింది. "ముక్కుకు కట్టు! పడవ ముక్కుకు కట్టు!" అని అరుపు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఎడమ చేత్తో తాడు విసిరినవాడు తాత. పల్లె జనం లాగారు. ఛాతీ లోతులో పడవ కూలబడింది, మేం నడిచి బయటపడ్డాం. ఓవర్సీరు కుర్చీ మాత్రం కృష్ణలో కొట్టుకుపోయింది.

ఒడ్డెక్కాక ఓవర్సీరు నన్ను తిట్టిన తిట్లు నా తండ్రి కూడా తిట్టలేదు. ఐదు రోజుల్లో పడవ నడవకపోతే నీ పెట్టె సర్దుకో అని జీపెక్కాడు. తడి బట్టలతోనే పల్లెకు నడిచాను, తాత ఇంటి ముందు నిలబడ్డాను. ఏమని పిలవాలో తెలియలేదు. అవ్వ బయటికి వచ్చి నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఎందుకొచ్చినవ్? ఇంకేమన్న కొట్టేసేదున్నదా?" అంది. "ఎండకాలం మస్టర్ల పేరే ఉండది మా ముసలోనికి. పైస గూడ రాదు. అయిన ఏటేటా గా పడవకు ఊకెనే చాకిరి జేసె. గుండ్లు మోసి భుజం పోగొట్టుకునె. గానికేనా నువ్వు రాసింది?"

ఎండకాలం ఆయనకు జీతం లేదా? నాతో పదిహేను రోజులు కూర్చుని గీకింది, కూరింది, ఆ గుండ్లన్నీ మోసింది ఊరికేనా? నేను నెలనెలా జీతం తీసుకుంటూ, ఆయనా తీసుకుంటున్నాడనే అనుకున్నాను. ఒక్కసారి కూడా అడగలేదు.

లోపలి నుంచి తాత వచ్చి గడప మీద కూర్చున్నాడు. "ఊకో ముసల్దానా" అని ఆమెను ఆపి, నన్ను అడిగాడు.

"మీ నాయినకు ఎడ్లబండి ఉన్నదా?"

"ఉన్నది."

"ఎండలు ముదిరితె బండి గిర్రలేం జేస్తడు?"

చెప్పబోయాను. నోరు తెరిచాక గానీ నాకు వెలగలేదు. మా నాయిన ఎండాకాలం బండి చక్రాలు ఊడదీసి కుంటలో పడేసేవాడు. కట్టె ఎండితే ముడుచుకుంటుంది, ఇనుప పట్టా వదులై ఊడుతుంది, నానితే ఉబ్బి బిగుసుకుంటుంది. ఆ గిర్రలను నేనే దొర్లించుకుంటూ పోయి కుంటలో తోసేవాణ్ని. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసిన సంగతి! బండికి ఆ న్యాయం తెలిసి, పడవకు తెలియకపోయిందే! కట్టెకూ కట్టెకూ తేడానా? నా చెంప నేనే కొట్టుకున్నాను, నిజంగానే, చప్పుడయ్యేలా. తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"సాలు తియ్యి. పా, ఇంజను దింపుదాం ముందుగాల."

ఇంజను దింపాం. నది పక్కన వడి లేని పాయలోకి పడవను చేర్చాం. ఈసారి గుండ్లు నేను మోశాను. భుజాల తోలు లేచిపోయేదాకా మోశాను, ఆయన్ని ముట్టనివ్వలేదు. నాలుగు రోజులు పడవ నీళ్ల కింద ఉంది. ఐదో రోజు గుండ్లు తీసి, నీళ్లు తోడి చూస్తే ఒక్క సందు లేదు. నేను వేలు దూర్చిన చోట గోరు కూడా దూరలేదు. మొండికేసిన రెండు చోట్ల తాత దూది, గుగ్గిలం కూరాడు. ఇంజను విప్పి ఆరబెట్టి, నూనె మార్చి నేను బిగించాను. పడవ నడిచింది.

కొల్లాపూర్ పోయి ఓవర్సీరుకు చెప్పాను. ఆయన నా భుజం తట్టాడు. అప్పుడు నోరు పెగల్చుకుని, పడవను బాగు చేసింది తాత అనీ, ముంచడమే సరైన పనట అనీ, ఆయన పేరు మళ్లీ రాయాలనీ అన్నాను. ఓవర్సీరు నన్ను వింతగా చూశాడు.

"జాబితా పైకి పోయిందయ్యా. వెనక్కి తేవాలంటే నువ్వు మళ్లీ కాగితం రాయాలి. మొదట రాసింది తప్పు, పడవను ఎండబెట్టి పాడుచేసింది నేనే అని. రాస్తే అతనికి వస్తుందేమో. నీది మాత్రం ఊడుతుంది, పరీక్ష కాలంలో ఉన్నావు. ఆలోచించుకో. ఇదిగో కాగితం."

కాగితం నా ముందుకు తోశాడు, కలం ఇచ్చాడు. కూర్చున్నాను. మా ఆవిడకు మూడో నెల. ఊళ్లో మా నాయినతో గొడవపడి వచ్చాను, గొర్రెల వెంట ఇక తిరగనని. తారీఖు వేశాను. కలం అక్కడే ఆగింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని లేచాను.

బయట మెట్ల మీద తాత ఉన్నాడు. నడిచి వచ్చాడట, అంత దూరం. ఓవర్సీరు మాటలన్నీ ఆయనకు వినపడ్డాయట.

"రాసినవా బిడ్డా?"

"రాసిన తాతా."

ఆ మాట నా నోటి నుంచి వచ్చిందంటే నేనే నమ్మలేకపోయాను. ఆయన రెండు చేతులూ నా తల మీద పెట్టబోయాడు. కుడి చెయ్యి లేవలేదు, ఎడమ చెయ్యి పెట్టాడు.

ఆ తర్వాత టపా వచ్చే రోజల్లా షెడ్డుకు వచ్చేవాడు. "కాయితం వచ్చెనా?" "రాలే తాతా." "సర్కారు పని గద, ఆలిస్యమైతది" అని నన్నే ఓదార్చేవాడు. కొన్నాళ్లకు ఆయన జాగాలో ఎక్కడి నుంచో ఒకతన్ని పక్కాగా వేశారు. ఎండాకాలం వస్తే పడవను ఎట్లా ముంచాలో, ఏ సైజు గుండ్లు ఎక్కడ పెట్టాలో అతనికి తాతే నేర్పాడు. నేర్పుతూ నన్ను చూపించి, "మా డ్రైవరు సారు తన నౌకరి పోతదని ఎరుకుండి గూడ నాకోసం రాసిండు. నా నసీబుల లేకపాయె. గసోంటి మనిషి దొరకడు" అని చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. పల్లెలో అందరికీ అదే చెప్పాడు. నన్ను గడప ముందు నిలబెట్టి కడిగిన అవ్వ, మా బిడ్డ పుట్టినప్పుడు పల్లికాయ గంపతో వచ్చి మా ఆవిడతో అంది, "నీ మొగడు ధర్మాత్ముడు తల్లీ" అని. ఆ ఏడు కూడా ఆమె పల్లిచేన్లకు పోతూనే ఉంది.

మూడేళ్లకు తాత పోయాడు. కబురొస్తే పోయాను. పాడె ముందు కొమ్ము నాకే ఇచ్చారు, అవ్వ ఇమ్మందట. దారి మధ్యలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. అక్కడ పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఏ మూలనన్నా ఉంటే విని లేస్తాడని. దూరపు ఊళ్లో కూలి చేసుకుని బతికే ఆయన కొడుకు ముందుకు వస్తే అవ్వ ఆపింది.

"సారును పిలువుమను. గాయిన మాట ఇనేటోడు."

మోకాళ్ల మీద కూర్చుని వంగాను. మొదటిసారి "తాతా" అన్నాను. రెండోసారీ అదే అన్నాను. మూడోసారి ఆ చెవిలో నాకు మాత్రమే వినపడేటట్టు, "నేను రాయలే తాతా" అన్నాను. అని, ఎక్కడ లేస్తాడోనని భయంతో ఆయన ముఖం చూశాను. అవును, భయంతోనే. లేవలేదు.

"పిలిచినవా సారూ?" అని అడిగారు.

"పిలిచిన" అన్నాను. పాడె మళ్లీ ఎత్తుకున్నాం.